అప్పు అడిగితే నవ్వుతారా?

గత డిసెంబరులో మా కర్నూలు నగరంలోని ఒక డిగ్రీ కళాశాలవారు మమ్మల్ని ఒక పోటీకి న్యాయనిర్ణేతగా ఆహ్వానించారు. టెలివిజన్‌లో వచ్చే ‘షార్క్ ట్యాంక్ ఇండియా’ పద్ధతిలో, స్థానికుల్లో వ్యాపార దృక్పథాన్ని పెంపొందించే ఉద్దేశంతో ఈ పోటీ జరుపుతున్నామని ఆహ్వానపత్రికలో రాశారు. వేదిక మీద ఎర్ర తివాచీ పరిచి నాలుగు ఎత్తయిన కుర్చీలు వేశారు. ఒక బట్టల దుకాణం యజమాని, ఒక చార్టర్డ్ అకౌంటెంటు, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ మేనేజరు, నాలుగో కుర్చీలో మేము. 33 సంవత్సరాలు చిన్న వ్యాపారుల రుణ దరఖాస్తులు చూసే ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత మొహల్లాలో సంక్షేమ సంఘం పనులు చూసుకుంటున్నాము గనుక మమ్మల్ని పిలిచారు. పిలిచినందుకు సంతోషించామని ఒప్పుకోవాలి. ఎత్తయిన కుర్చీ ఎవరికి చేదు?

ఆరుగురు విద్యార్థుల తర్వాత ఒక మహిళ వేదిక ఎక్కారు. ఆమె కూతురు అదే కళాశాలలో చదువుతోంది. ఆ అమ్మాయే తల్లి పేరు నమోదు చేసిందట. నల్ల బురఖాలో, చేతిలో ఒక స్కూలు చొక్కా పట్టుకొని నిలబడ్డారు. ఆరేళ్ళుగా ఇంట్లోనే ప్రైవేటు పాఠశాలలకు యూనిఫారాలు కుడుతున్నారు. నలుగురు ఆడవాళ్ళకు పని ఇస్తున్నారు. ఏప్రిల్, మే నెలల్లో గుడ్డ కొనాలి, జూన్‌లో బట్టలు అందించాలి, పాఠశాలలవారు డబ్బు చెల్లించేది దసరా దాటాక. నడుమ నాలుగైదు నెలలు చేతిలో పైసా ఆడదు. ఒక ఓవర్‌లాక్ మిషను కావాలి, గుడ్డకు కొంత ముందస్తు డబ్బు కావాలి. మొత్తం 60 వేల రూపాయలు. ఇదంతా నాలుగు నిమిషాల్లో, కాగితం చూడకుండా, ఒక్క అంకె తడబడకుండా చెప్పారు.

అప్పుడు మేమే అడిగాము: ‘అరవై వేలకు ఎంత వాటా ఇస్తారు?’

ఆమె అర్థం కానట్టు చూశారు. ‘వాటా దేనికి సార్? అప్పుగా ఇప్పించండి, తీర్చేస్తాను’ అన్నారు.

సభ నవ్వింది. మా పక్క కుర్చీలోని వారు ‘స్కేలప్ ఎలా చేస్తారు?’ అని అడిగారు. ఆమె సమాధానం చెప్పలేదు. చొక్కాను నాలుగు మడతలు పెట్టుకొని, సలాం చేసి దిగిపోయారు. ఆ రోజు మొదటి బహుమతి పెళ్ళి విందులకు బిర్యానీ సరఫరా చేసే మొబైల్ యాప్ తయారు చేస్తానన్న ఒక కుర్రవాడికి దక్కింది. మంచి కుర్రవాడే, ఇంగ్లీషు చక్కగా మాట్లాడాడు. అప్పటికి ఒక్క ప్లేటు బిర్యానీ కూడా అమ్మలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు వేలమంది చిన్న వ్యాపారులు మా బల్ల ముందు నిలబడ్డారు. వాళ్ళను ‘ఏం సరుకు? ఎక్కడ కొంటారు? అరువు ఎంత పోతుంది?’ అని అడిగాము గాని, ‘నీ వ్యాపారంలో ఎంత వాటా ఇస్తావు’ అని ఏనాడూ అడగలేదు. ఆ ప్రశ్న మా అనుభవంలోది కాదు. రాత్రి భోజనాల వేళ మనవళ్ళతో కలిసి చూసిన టీవీది. రెండు మూడు సీజన్లు చూసేసరికి అది మా నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఇంత వయసులో, ఇంత అనుభవంతో మేమే అలా మారితే, లోకం చూడని ఇరవై ఏళ్ళ పిల్లల సంగతి ఏమిటి? ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఈ కార్యక్రమం మన దేశంలో పుట్టలేదు. 2001లో జపాన్‌లో ‘డబ్బు పులులు’ అనే అర్థం వచ్చే పేరుతో మొదలైంది. 2005లో బ్రిటన్‌లో బీబీసీ దాన్ని ‘డ్రాగన్స్ డెన్’గా మార్చింది. 2009లో అమెరికా ‘షార్క్ ట్యాంక్’ అన్నది. జర్మనీలో అదే సింహాల గుహ అయింది. 2021 డిసెంబరులో సోనీ టీవీ ద్వారా మన ఇళ్ళలోకి వచ్చింది. 2023లో ఆహా ఓటీటీ మహిళా వ్యాపారుల కోసం తెలుగులోనే ‘నేను సూపర్ వుమన్’ అనే కార్యక్రమం నడిపింది. పులి, డ్రాగన్, సింహం, సొరచేప! పేరు పెట్టడంలో మాత్రం వాళ్ళు దాపరికం పాటించలేదు. పెట్టుబడి పెట్టేవాడు మృగమనీ, పెట్టుబడి కోసం వచ్చినవాడు దాని ఎదుట నిలబడ్డ ప్రాణి అనీ నేరుగానే చెప్పారు. మనమే దాన్ని ఆటగా తీసుకున్నాము.

మొదటి సీజన్‌కు 62 వేలమంది దరఖాస్తు చేసుకున్నారని, అందులో 198 వ్యాపారాలను వేదిక ఎక్కించారని, 67 వ్యాపారాలకు ఒప్పందం కుదిరిందని లెక్కలు వచ్చాయి. దరఖాస్తుదారుల్లో సుమారు వెయ్యికి ఒకరు. మేము పనిచేసిన కార్యాలయంలో వెయ్యి దరఖాస్తులకు ఒకటి మంజూరై ఉంటే మర్నాటికల్లా విలేఖరులు గుమ్మం ముందు వరుస కట్టేవారు, సంఘాలవారు ధర్నా చేసేవారు, కలెక్టరుగారు సంజాయిషీ అడిగేవారు. అడగడం న్యాయం కూడా. అదే నిష్పత్తి టీవీలో కనిపిస్తే దాన్ని ప్రతిభ అంటున్నాము. మిగిలిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఏమయ్యారని ఒక్కరూ అడగరు. వాళ్ళు మన కళ్ళకు కనబడరు గనుక ఓడిపోయినట్టు కూడా లెక్కకు రారు.

కుదిరిన ఒప్పందాల సంగతైనా తెర మీద చూసినంత కాదు. గంటకు పైగా జరిగిన సంభాషణను కత్తిరించి పది పదిహేను నిమిషాలు చూపుతారు. కరచాలనం దగ్గర సంగీతం మోగుతుంది, తల్లిదండ్రులు కన్నీళ్ళు తుడుచుకుంటారు. కాగితాల పరిశీలన ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ దశలో చెదిరిపోయే ఒప్పందాలు ఉంటాయి, షరతులు మారిపోయేవీ ఉంటాయి. అమెరికా కార్యక్రమంలో మొదట ఇంకో షరతు ఉండేది. వేదిక ఎక్కినందుకే వ్యాపారంలో 5 శాతం వాటా గాని, 2 శాతం రాయల్టీ గాని నిర్మాణ సంస్థకు రాసివ్వాలి. ఒప్పందం కుదరకపోయినా సరే. విమర్శలు వచ్చాక 2013లో దాన్ని తీసివేశారు. ప్రేక్షకుడు ఇవేవీ చూడడు. అతనికి తెలిసిందల్లా ఒకటే: డబ్బు దొరికింది, వీడు గెలిచాడు.

ఇక్కడే అసలు హాని ఉంది. పెట్టుబడి దొరకడం వ్యాపారానికి మొదటి రోజు మాత్రమే. ఆ రోజు నుంచి మెడ మీద బరువు ఉంటుంది. ఎవరికో లెక్క చెప్పాలి, ఎవరి డబ్బో తిరిగి రాబట్టాలి. మన పెద్దలు దుకాణం తెరిచిన రోజున దువా చేయించి, ఇంటికి వచ్చి అప్పుల చిట్టా రాసుకొని దిగులుపడేవారు. ఈ కార్యక్రమం ఆ మొదటి రోజునే విజయోత్సవంగా మార్చింది. అడగడమే వ్యాపారమైపోయింది. అమ్మడం, వసూలు చేసుకోవడం, కూలీలకు శనివారం సాయంత్రం చేతిలో పెట్టడం కెమెరాకు పట్టవు గనుక, పిల్లల మనసుల్లో అవి వ్యాపారంలో భాగాలే కాకుండా పోయాయి.

‘వ్యాల్యుయేషన్’ అనే మాట చూడండి. ఒకాయన వచ్చి 2 శాతం వాటాకు కోటి రూపాయలు అడుగుతాడు. అంటే తన వ్యాపారం విలువ 50 కోట్లు అని చెప్పుకుంటున్నాడన్న మాట. ఏటా నష్టం వస్తున్నా ఆ విలువ ఉంటుంది. కుర్చీల్లో కూర్చున్నవారిలో కొందరి సంస్థలు కూడా 2021-22లో నష్టాల్లోనే ఉన్నాయని వారి వార్షిక లెక్కలే చూపాయి. అది నేరమని మేము అనడం లేదు, పెద్ద పెట్టుబడుల లోకంలో కొన్నేళ్ళు నష్టం భరించి మార్కెట్టు సంపాదించడం ఒక పద్ధతి. కాని ఆ పద్ధతి వెనుక మునిగిపోని ఓడ ఉంటుంది. మనవాళ్ళకు ఉన్నది పుట్టి.

మా మొహల్లాలో ఒక బేకరీ ఉంది. ఆయన తెల్లవారుజామున మూడు గంటలకు పొయ్యి వెలిగిస్తాడు. బన్నులు, రస్కులు, ఉస్మానియా బిస్కట్లు చుట్టుపక్కల టీ కొట్లకు వేస్తాడు. ఆ పొయ్యి మీదే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, కొడుకును ఇంజనీరింగు చదివించాడు. ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేడు. ఆ కొడుకును ఒకనాడు మస్జిదు మెట్ల మీద పట్టుకొని, నాన్నగారి బిజినెస్ చూసుకోరాదా అని అడిగాము. ‘మా నాన్నది బిజినెస్ కాదంకుల్, దుకాణం’ అన్నాడు. మాటలో అవమానించే ఉద్దేశం లేదు. ఒక నిజం చెబుతున్నట్టే చెప్పాడు. ముప్పై ఏళ్ళు నష్టం లేకుండా నడిచినది దుకాణమట, రేపెప్పుడో మొదలవబోయేది బిజినెస్ అట. ఈ తేడాను ఆ పిల్లవాడికి కళాశాల నేర్పిందా, టీవీ నేర్పిందా అని అడిగితే రెండూ అనాలి. కాని రాత్రిపూట పాఠం చెప్పేది టీవీయే.

దుకాణాన్ని చిన్నచూపు చూడటం అందరికీ నష్టమే గాని, మనకు మరీ నష్టం. దానికి కారణం ఉంది. 2006 నవంబరులో ప్రభుత్వానికి అందిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం ముస్లిం శ్రామికుల్లో దాదాపు 61 శాతం స్వయం ఉపాధి మీద ఉన్నవారే. హిందువుల్లో అది 55 శాతం. పట్టణాల్లో తేడా ఇంకా ఎక్కువ, 57కు 43. అంటే ఉద్యోగాల తలుపు మూసుకున్నప్పుడు మనవాళ్ళు ఎవరి ఉపన్యాసం వినకుండానే సొంతపనికి దిగారు. దూది ఏకారు, పరుపులు కుట్టారు, తాళాలు బాగుచేశారు, వెల్డింగు పెట్టారు, పండ్లబండి తోశారు. దేశమంతా యువతను ‘ఉద్యోగం అడిగేవాడివి కావద్దు, ఇచ్చేవాడివి కా’ అని ఉద్బోధిస్తున్న కాలంలో, ఆ పని ఎన్నో తరాలుగా చేస్తున్న మనిషికి దొరికిన బిరుదు ఏమిటి? ‘పంక్చర్లు వేసుకునేవాడు’ అనే ఎగతాళి. ఫోన్లలో, సభల్లో, క్రికెట్టు మ్యాచ్ రోజుల్లో ఆ మాట మన పిల్లలు వింటూనే ఉన్నారు. రోడ్డు పక్కన కంప్రెసరు పెట్టుకొని, ఎండలో కూర్చొని, ఎవరి దగ్గరా చేయి చాపకుండా ఇల్లు నడిపేవాడిని తిట్టడానికి ఆ వృత్తి పేరునే వాడుతున్నారు. అదే పనిని రేపు ఎవరైనా టైతో వచ్చి, ఫోనులో నొక్కితే ఇంటికే వచ్చి పంక్చరు వేసే సేవ అని వర్ణిస్తే చప్పట్లు మోగుతాయి. పనిలో ఏ మార్పూ లేదు. చేతికి మసి అంటుకున్నది ఎవరికి అన్నదే తేడా.

వ్యాపార సాహసం అంటే ఏమిటో మేము టీవీ రాకముందే ఒకసారి కళ్ళారా చూశాము. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి మా ఊరిని ముంచాయి. పాతనగరం రోజుల తరబడి నీటిలో ఉంది. కొన్నిచోట్ల మొదటి అంతస్తు దాకా వచ్చింది. నీరు తీశాక నష్టాల జాబితా రాయడానికి వీధివీధికీ తిరిగిన సిబ్బందిలో మేమూ ఉన్నాము. బురదలో కలిసిపోయిన బియ్యం బస్తాలు, తుప్పు పట్టిన కుట్టు మిషన్లు, చిత్తుకాగితాల్లా ముద్దయిన చీరల కట్టలు. ఒక బట్టల వ్యాపారి తన దుకాణం గుమ్మం మీద కూర్చొని అరువు ఖాతా పుస్తకాన్ని ఒక్కో పేజీ విడదీసి ఎండబెడుతున్నాడు. సరుకు పోయింది, గోడ కూలింది, ఆయన మాత్రం పుస్తకం ఎండబెడుతున్నాడు. ఎందుకని అడిగితే, ‘నాకు రావలసినవాళ్ళూ మునిగారు సార్, వాళ్ళను అడగను. నేను ఇవ్వవలసినవాళ్ళ లెక్క పోకూడదు’ అన్నాడు.

ఆరు నెలల్లో ఆ వీధి మళ్ళీ తెరుచుకుంది. పరిహారం డబ్బు కొంత వచ్చింది, అది గోడలకే చాలలేదు. తెరిపించింది టోకు వ్యాపారుల అరువు. పాత బాకీ పక్కన పెట్టి, కొత్త సరుకు మాట మీద పంపారు. హిందువుల కొట్ల నుంచి ముస్లిముల కొట్లకు, ముస్లిముల కొట్ల నుంచి హిందువుల కొట్లకు సరుకు నడిచింది. చీటీల సభ్యులు తమ వంతు పాట వదులుకొని మునిగినవారికి ఇచ్చారు. అక్కడ ‘ఎంత వాటా ఇస్తావు’ అని ఎవరూ అడగలేదు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఏ లెక్కలోనూ లేదు. పేరు పొందిన వ్యవస్థాపకుడు అంటూ ఒక్కరూ లేరు గనుక దాని మీద కార్యక్రమం రాదు. టీవీకి ఒక ముఖం కావాలి, ఒక కన్నీటి కథ కావాలి. వీధికి ముఖం ఉండదు. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కూడా ఒక మేధావి ఆలోచన కాదు. హలీం తయారీదారులు ఒక సంఘంగా ఏర్పడి సాధించుకున్నది. పోటీదారులే కూర్చొని దినుసుల మీద, పద్ధతి మీద ఒక మాటకు వచ్చారు. అలాంటి సంఘటిత శక్తిని ఈ కార్యక్రమాలు వ్యాపారంలో భాగంగా చూపగా మేము చూడలేదు.

ఈ కార్యక్రమంలో మంచి లేదని మేము అనము. మా ఇంట్లోనే కోడలు దానిని చూసి, ఊరగాయ సీసాకు ధర కట్టేటప్పుడు తన శ్రమను కూడా ఖర్చులో వేయడం నేర్చుకున్నది. అంతకు ముందు నూనె, కారం లెక్కవేసి సరిపెట్టుకునేది. వ్యాపారం చేస్తానంటే ‘చదువు అబ్బలేదా’ అని అడిగే ఇళ్ళలో ఇప్పుడు ఆ మాట కొంత తగ్గింది. ఆడవాళ్ళు నిలబడి లెక్క చెబుతుంటే మగవాళ్ళు నోరు మూసుకొని వినే దృశ్యం మన ముందుగదుల్లోకి వచ్చింది. ఇవి చిన్నవి కావు. దానికి కృతజ్ఞతే. కాని ఊరగాయ ధర నేర్పినందుకు ఊరి తీర్పరి పదవి ఇవ్వనక్కరలేదు.

ఆ కార్యక్రమంలో జనం ఎక్కువగా మెచ్చుకున్న ఘట్టాల్లో ఒకటి మొదటి సీజన్‌లోనే వచ్చింది. మహారాష్ట్రలోని మాలేగావ్ ప్రాంతం నుంచి ఒక రైతు యువకుడు పురుగుమందు చల్లే బండిని తనకు తానే తయారు చేసుకొని తెచ్చాడు. మిగతావారు వెనుకాడగా లెన్స్‌కార్ట్ అధిపతి పీయూష్ బన్సల్ ముందుకు వచ్చి, 40 శాతం వాటాకు 10 లక్షలు, దానితో పాటు 20 లక్షలు వడ్డీ లేని అప్పుగా ఇస్తానన్నారు. దేశమంతా కళ్ళు తుడుచుకుంది. మేమూ తుడుచుకున్నాము. తర్వాత గుమస్తా బుద్ధి మేలుకొని లెక్క చూశాము. ఆ యువకుడికి అందే డబ్బులో మూడింట రెండు వంతులు వడ్డీ లేని అప్పు! మన భాషలో చెప్పాలంటే కర్జె హసనా. అంత పెద్ద వేదిక మీద, అంతమంది మెచ్చిన దానంలో, అసలు బరువు మోసింది మన మస్జిదు కమిటీలు చిన్న మొత్తాల్లో ఎప్పటి నుంచో చేస్తున్న పనే. అక్కడ అది చూసి కన్నీళ్ళు పెట్టుకున్న సభ, ఇక్కడ ఒక స్త్రీ ‘అప్పుగా ఇప్పించండి’ అంటే నవ్వింది.

వాటా పద్ధతి వడ్డీకి దూరం గనుక ఈ కార్యక్రమం మన ధర్మానికి దగ్గరని కొందరు యువకులు మాతో వాదించారు. హజ్రత్ ఖదీజా గారు పెట్టుబడి పెట్టి లాభంలో వాటా పద్ధతిన వ్యాపారం చేయించిన సంగతి గుర్తుచేశారు. సంతోషమే, ఆ చరిత్ర గుర్తున్నందుకు. అయితే ఆ పద్ధతిలో నష్టం వస్తే డబ్బు పెట్టినవారు డబ్బును, పనిచేసినవారు శ్రమను పోగొట్టుకుంటారు. ఇక్కడ లాభం వచ్చినా రాకపోయినా, పెట్టుబడి వెనక్కి వచ్చేదాకా అమ్మిన ప్రతి వస్తువు మీద ఇంత అని వసూలు చేసే రాయల్టీ ఒప్పందాలు కూడా జరుగుతున్నాయి. దాని సంగతి చెప్పవలసినది ముఫ్తీలు, మేము గుమస్తాలము. మాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాము. వాటాలు అమ్మాలంటే ముందు అది కంపెనీగా నమోదు కావాలి. ఏటా ఆడిట్ చేయించాలి, రిటర్నులు దాఖలు చేయాలి. బేకరీ, టైలరింగు, వెల్డింగు, పండ్లబండి వంటివన్నీ ఒక మనిషి పేరు మీద నడిచే సొంత వ్యాపారాలు. వాటిలో అమ్మడానికి షేరు అనేదే ఉండదు. కనుక ఆ ఎర్ర తివాచీ మన వీధుల దాకా పరచుకొని రాదు. యూనిఫారాలు కుట్టే స్త్రీకి కావలసినది జీవితాంతం భాగస్వామి కాదు, ఏప్రిల్ నుంచి దసరా దాకా సర్దుబాటు. ఆమె అడిగింది సరైనది. తప్పు ప్రశ్న మాది.

ఆమె అడిగినది దయ కూడా కాదు. ఈ మాట మన పత్రిక పాఠకులకు గట్టిగా చెప్పాలి. బ్యాంకులు ఇచ్చే రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగానికి వెళ్ళాలని రిజర్వు బ్యాంకు నిబంధన. బలహీన వర్గాలకు 12 శాతం లక్ష్యం. ఆ వర్గాల జాబితాలో మైనారిటీలు ఉన్నారు. సూక్ష్మ, చిన్న వ్యాపారాలకు 10 లక్షల వరకు తాకట్టు అడగరాదని 2010లోనే ఆదేశాలు వచ్చాయి. 2015 నుంచి ముద్రా పథకం ఉంది. కాగితం మీద తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. మరి సచార్ కమిటీ ఏమి చూసింది? కొన్ని బ్యాంకులు ముస్లిములు ఎక్కువగా ఉండే ప్రాంతాలను రుణానికి పనికిరాని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్నాయని రాసింది. మనిషిని చూడకుండా, లెక్క చూడకుండా, వీధి పేరు చూసి తిరస్కరించడం. ఈ అన్యాయాన్ని ప్రశ్నించవలసిన యువకుడు రాత్రి టీవీ ముందు కూర్చొని ఏమి నేర్చుకుంటున్నాడు? పెట్టుబడి అనేది శ్రీమంతుడి మెప్పు పొందితే దొరికే బహుమతి అని. దొరకకపోతే తన మాటతీరు బాగాలేదని, తన ఆలోచన చిన్నదని, తన ఇంగ్లీషు చాలలేదని. బ్యాంకు తప్పు కాస్తా పిల్లవాడి లోపంగా మారిపోతోంది. హక్కుగా అడగవలసిన చోట నటనాపరీక్షకు తయారవుతున్నారు. ఇంతకంటె సుఖం బ్యాంకులకు, ప్రభుత్వాలకు ఇంకేమి కావాలి?

పోటీ జరిగిన మరుసటి వారం మేము ఆ స్త్రీ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణ చెప్పాము. ‘మీరొక్కరే నవ్వలేదు భాయిసాబ్, నేను చూశాను’ అన్నారు. నవ్వించిన ప్రశ్న మాదేనన్న సంగతి ఆమె ఎత్తలేదు. జనవరిలో ఉద్యం నమోదు చేయించి, ఒక బ్యాంకు శాఖకు వెంట వెళ్ళాము. మొదటిసారి అధికారి లేరు. రెండోసారి ఇంటి పత్రాలు తెమ్మన్నారు. తాకట్టు అడగరాదన్న నిబంధన మేము గుర్తుచేస్తే, ‘రూల్సు మాకూ తెలుసు సార్’ అన్నారు. మూడోసారి చిరునామా చదివి, ‘ఆ ఏరియాలో రికవరీ బాగుండదు’ అన్నారు. నాలుగోసారి ఫైలు పరిశీలనలో ఉందన్నారు. ‘పరిశీలనలో ఉంది’ అనే మాట అర్థం 33 ఏళ్ళు ఆ మాట చెప్పినవాళ్ళకు తెలియనిది కాదు. రాతపూర్వకంగా జవాబు ఇమ్మని దరఖాస్తు పెట్టి వచ్చాము. ఇంతవరకు అదీ లేదు, ఇదీ లేదు. పైఅధికారులకు ఫిర్యాదు పంపాము, రసీదు మా దగ్గర ఉంది.

ఏప్రిల్ దాటిపోతే ఆమెకు ఏడాది పోతుంది. మా సంఘం వడ్డీలేని నిధిలో అంతా కలిపి 25 వేలు ఉంటే అది ఇచ్చాము. అరవై అడిగిన చోట పాతిక. ఆమె ఒక పాత ఓవర్‌లాక్ మిషను కొని, గుడ్డ కొంత అరువు తెచ్చుకొని, ఆర్డర్లలో రెండు పాఠశాలలు వదులుకొన్నారు. నలుగురిలో ఒకరికి ఈ ఏడాది పని లేదు. ప్రతి నెలా అయిదో తేదీన 2,500 రూపాయలు కూతురి చేత పంపుతున్నారు. ఇప్పటికి ఆరు కంతులు చెల్లాయి. ఒకసారి మాత్రం ఏడో తేదీ అయింది, దానికి ముందురోజే కబురు చేశారు.

ఈ సంవత్సరం కూడా ఆ కళాశాలవారు డిసెంబరు పోటీకి ఆహ్వానం పంపారు. జవాబు రాశాము. కుర్చీలన్నీ ఒకే ఎత్తున, నేల మీదే వేయాలనీ, వచ్చినవారు కూడా కూర్చొని మాట్లాడాలనీ, మొదటి ప్రశ్న ‘మీకేమి కావాలి’ అనేదే ఉండాలనీ, ఒక బ్యాంకు అధికారిని తప్పక రప్పించి అప్పు అడిగినవారి దరఖాస్తు అక్కడికక్కడే తీసుకొని రసీదు ఇప్పించాలనీ, మా బదులు న్యాయనిర్ణేతగా యూనిఫారాలు కుట్టే ఆమెను పిలవాలనీ రాశాము. ఆమెను ముందే అడిగాము. ‘డిసెంబరులో అయితే వస్తాను భాయిసాబ్, పని తక్కువ. జూన్‌లో మాత్రం పిలవొద్దనండి’ అన్నారు.

కళాశాలవారి నుంచి ఇంకా ఉత్తరం రాలేదు.